సంస్థ విలువలు మన నడతలో ఉన్నాయా అని మనమే చూసుకోవడం ఎట్లా?

ప్రశ్న: కర్నూలు జిల్లా కోసిగి, పెద్దకడబూరు వైపు వలస కుటుంబాల పిల్లల చదువు కోసం చిన్న స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నాను. సిబ్బంది ఎనిమిది మంది. ఆఫీసు గోడ మీద ‘గౌరవం, సమానత్వం, పారదర్శకత’ అని రాసుకున్నాం. ఊళ్లలో అడిగితే అందరూ ‘సారు మంచోడు’ అంటారు, దాంతో నాకేమీ తెలియడం లేదు. నేను నిజంగా ఆ విలువల ప్రకారం నడుచుకుంటున్నానా అనేది నేనే పరిశోధించి బాగుచేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మూడింటినీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ చేతికి చిక్కదు. ‘గౌరవం’ ఒక్కటే తీసుకోండి. అది మాటలో వినపడుతుంది. వినపడేదాన్ని రికార్డు చేయొచ్చు, లెక్కపెట్టొచ్చు. పన్నెండు వారాలు చాలు. మొదటి నాలుగు వారాలు ఏదీ మార్చకుండా గమనించండి, తర్వాత ఆరు వారాలు ఒకే ఒక్క మార్పు చేసి చూడండి, చివరి రెండు వారాలు తేలినదాన్ని నలుగురి ముందు పెట్టండి.

ఈ దారి కొత్తదేం కాదు. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లో రాసిన వ్యాసంతో ‘యాక్షన్ రీసెర్చ్’ (పని చేస్తూనే ఆ పనిని పరిశోధించడం) అనే మాట బాగా వ్యాప్తిలోకి వచ్చింది: అనుకోవడం, చేయడం, చేసినదాన్ని చూసుకోవడం, మళ్లీ అనుకోవడం. దాన్ని మనిషి సొంత విలువల దాకా తెచ్చినవాడు ఇంగ్లండులోని బాత్ యూనివర్సిటీలో పనిచేసిన జాక్ వైట్‌హెడ్. ఆయన సైన్సు టీచరుగా ఉన్న రోజుల్లో తన క్లాసు వీడియో చూసుకున్నాడు. పిల్లలు తమంతట తామే ప్రశ్నలు వేసుకునేట్టు నేర్పుతున్నానని ఆయన నమ్మకం. వీడియోలో చూస్తే ప్రశ్నలన్నీ తానే అందిస్తున్నాడు. అబద్ధమాడే మనిషి కాదు, నమ్మకం ఒకచోట, చేత ఇంకోచోట ఉన్నాయంతే. మీరు వెతకాల్సింది ఆ సందునే.

ముందు ప్రశ్నను మీ మీదికి తిప్పుకోండి. ‘మా సంస్థలో గౌరవం ఉందా?’ అని అడిగితే ఉందనే జవాబు వస్తుంది. ‘తల్లుల మీటింగులో నాకంటే పెద్దవయసు ఆడవాళ్లతో నేను మాట్లాడే తీరును ఎట్లా బాగుచేసుకోవాలి?’ అని రాసుకుంటే ఏం చూడాలో వెంటనే తెలుస్తుంది. ఆ వాక్యంలో ‘నేను’ ఉండి తీరాలి. లేకపోతే నెల తిరక్కముందే ఇది సిబ్బంది మీద తనిఖీ అయి కూర్చుంటుంది, వాళ్లు మీ ముందర ఒక రకంగా, ఊళ్లో ఇంకో రకంగా ఉండడం మొదలుపెడతారు.

రికార్డింగుకు మీ ఫోను చాలు. మీటింగు మొదట్లోనే చెప్పండి: ‘నేను ఎట్లా మాట్లాడుతున్నానో తెలుసుకోవాలని రికార్డు చేస్తున్నా, మూడు నెలలయ్యాక చెరిపేస్తా, ఎవరికైనా వద్దనిపిస్తే ఆపేస్తా.’ ఒక్కరు వద్దన్నా ఆపండి. పిల్లల గొంతులు పడే చోట తల్లిదండ్రుల అనుమతి ముందుగా తీసుకోండి. మొదటి రెండు రికార్డింగులు లెక్కలోకి వద్దు. ఫోను నడుస్తోందన్న ఎరుకతో మీరూ సర్దుకుంటారు, వాళ్లూ సర్దుకుంటారు. మూడోసారి నుంచి మామూలు మాట బయటికొస్తుంది.

మీటింగంతా రాసుకుంటూ కూర్చుంటే రెండో వారానికే పని ఆగిపోతుంది. పదో నిమిషం నుంచి ఇరవై ఐదో నిమిషం దాకా మాత్రం వినండి. ఏ పదిహేను నిమిషాలన్నది మీటింగుకు ముందే తీర్మానించుకోవాలి. విన్నాక ఎంచుకుంటే మనకు నచ్చిన ముక్కే చేతికొస్తుంది. ఒక కాగితం మీద గళ్లు గీసి ఇవి నింపండి: నేను మాట్లాడిన నిమిషాలు, నేను వేసిన ప్రశ్నలు, ప్రశ్న వేశాక ఎన్ని సెకన్లు ఆగాను, ఎవరి మాటకు అడ్డుపడ్డాను. ‘అర్థమైందా?’, ‘సరేనా?’ అనేవి ప్రశ్నల గడిలో వేయకండి, వాటికి ‘సరే సార్’ తప్ప ఇంకో జవాబు లేదు. ఆగిన సెకన్లు మాత్రం శ్రద్ధగా కొలవండి. తరగతి గదుల మీద అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో చేసిన పరిశోధనలో, టీచర్లు ప్రశ్న వేశాక సగటున సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు నిడివిగా, ఆలోచనతో వస్తున్నాయని తేలింది. పైగా మీ వైపు కన్నడం మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. ప్రశ్న తెలుగులో విని, కన్నడంలో ఆలోచించి, మళ్లీ తెలుగులో చెప్పాల్సిన తల్లికి ఆ మూడు సెకన్లూ చాలవు, ఐదారు ఇవ్వండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన గడి: ‘నువ్వు’, ‘మీరు’. మన సీమలో ‘నువ్వు’ అన్నంత మాత్రాన అమర్యాద కాదు. అవ్వనూ, చిన్నమ్మనూ ప్రేమగా నువ్వనే అంటాం. కాబట్టి ప్రతి ‘నువ్వు’కూ గీత పెట్టొద్దు. ఎదుటి మనిషి మీకంటే పెద్ద, మీరు ‘నువ్వు’ అన్నారు, ఆమె తిరిగి మిమ్మల్ని ‘మీరు’ అంది: అప్పుడే ఒక గీత. గీత పక్కన ఆమె ఇల్లు ఏ వీధిలో ఉందో రాయండి. నాలుగు వారాల కాగితాలు పక్కపక్కన పరవండి. పొలాలున్న ఇంటి పెద్దావిడకు ‘రండి పెద్దమ్మా, కూచోండి’ అని, ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన అరవై ఏళ్ల మనిషికి ‘ఏమ్మా, నువ్వు మొన్న రాలేదే’ అని మీ నోటి నుంచే వస్తుంటే, గోడ మీది రెండో మాట ‘సమానత్వం’ కూడా అక్కడే తేలిపోతుంది. దీన్ని ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి వాళ్లు విన్నది అదే. ఫిర్యాదుల పెట్టె పెట్టి అది ఖాళీగా ఉందని సంతోషించే సంస్థలకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

రికార్డింగుతో పాటు రెండువందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టుకోండి. ఎడమ పేజీలో జరిగింది, కుడి పేజీలో నాకేమనిపించింది. ఆ రాత్రే పది నిమిషాలు రాయాలి. తెల్లారితే జ్ఞాపకం మనకు అనుకూలంగా సర్దుకుంటుంది. ఎడమ పేజీలో ‘బాగా జరిగింది’, ‘ఆసక్తి చూపారు’ లాంటి మాటలు వద్దు. ‘పద్దెనిమిది మంది వచ్చారు, నలుగురు మాట్లాడారు, నేను కుర్చీలో, అందరూ చాప మీద’ అని రాయండి.

‘సారు మంచోడు’ అనే మాట సంగతి. మీ చేతిలో వాళ్ల పిల్లల సీటు, పుస్తకాలు ఉన్నంతకాలం మీరు నేరుగా అడిగితే ఆ మాటే వస్తుంది. అడిగేది మీరిచ్చే జీతం మీద ఆధారపడని మనిషి అయ్యుండాలి, పక్క మండలం సంస్థలో పనిచేసే ఆవిడ అయితే మంచిది. ‘సారు ఎట్లాంటోడు?’ అని కాకుండా, ‘పోయినసారి ఆఫీసుకు ఎప్పుడు పోయినావు? ఎంతసేపు నిలబడినావు? కాగితం మీద వేలిముద్ర వేయించుకునే ముందు చదివి వినిపించిరా?’ అని అడిగించండి. జరిగినదాన్ని చెప్పడానికి జనం జంకరు, తీర్పు చెప్పమంటేనే జంకుతారు.

వచ్చిన జవాబుల్లో ఎవరి గొంతు లేదో కూడా చూడండి. మీరు నవంబరు, మార్చి మధ్య అడిగితే ఊళ్లో మిగిలినవాళ్ల మాటే దొరుకుతుంది. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయినవాళ్లు, అంటే మీ సంస్థ ఎవరి కోసం పుట్టిందో వాళ్లే, లెక్కలో ఉండరు. వాళ్లకు రాత్రి ఎనిమిది దాటాక ఫోను చేయాలి, పగలు కూలి పోగొట్టుకొని మాట్లాడమనడం కూడా అగౌరవమే.

మార్పు ఒక్కటే చేయండి. రెండు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. పెద్దవాళ్లందరినీ పేరుకు అమ్మ, అక్క చేర్చి ‘మీరు’ అనడమే మీ మార్పు అనుకుందాం. మొదటి రెండు వారాలు ఎబ్బెట్టుగా ఉంటుంది. కొందరు నవ్వుతారు, కొందరు ‘సారుకు మా మీద కోపమొచ్చిందేమో’ అనుకుంటారు, ఎందుకంటే దగ్గరి మనిషి హఠాత్తుగా ‘మీరు’ అంటే దూరం పెట్టినట్టుంటుంది. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. తగ్గొద్దు, ఎందుకు మార్చుకుంటున్నారో మీటింగులోనే చెప్పండి. మార్పు మొదలైన ఆరో వారంలో మళ్లీ అదే పదిహేను నిమిషాలు, అవే గళ్లు.

తేలినదాన్ని ఐదారుగురి ముందు పెట్టండి: సంస్థ వదిలి వెళ్లిన ఒకరు, సంఘం నాయకురాళ్లు ఇద్దరు, అంగన్‌వాడీ టీచరు, ఇంకో సంస్థ నడిపే ఒకరు. ట్రస్టు ఛైర్మన్, నిధులిచ్చేవాళ్లు వద్దు. జర్మన్ తత్త్వవేత్త హాబర్‌మాస్ చెప్పిన నాలుగు కొలతలతో వాళ్లను అడగమనండి: చెప్పేది అర్థమవుతోందా, ఆధారం ఉందా, ఇక్కడి మనుషుల మధ్య ఇది సబబేనా, మనస్ఫూర్తిగా చెబుతున్నాడా. రికార్డింగు ముక్క రెండు నిమిషాలు వినిపించి మీరు ఊరుకోండి, సంజాయిషీ చెప్పకండి. ఈ కాగితాలు దాతలకు పంపే నివేదికలో కలపొద్దు. కలిపితే మరుసటి విడత నుంచి మీ చేయి దానంతటదే మంచి సంగతులే రాస్తుంది.

‘పారదర్శకత’ను రెండో విడతకు ఉంచుకోండి. దానికి నమూనా మన సీమలోనే ఉంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది, ఆ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేత సామాజిక తనిఖీ చేయించమంది. ఊరందరి ముందు పేరు పేరునా లెక్క చదివే ఆ పద్ధతిలోనే మీ సంస్థ ఆ ఊరికి పెట్టిన ఖర్చు, మీ జీతంతో సహా, రచ్చబండ దగ్గర చదివించండి.

మొదలుపెట్టడానికి జూన్ మూడో వారం అనువు. బడులు తెరిచి ఉంటాయి, మీటింగులు రాత్రి ఏడున్నర తర్వాత పెడితే విత్తనం పనులకు అడ్డురావు, పన్నెండు వారాలు సెప్టెంబరు మొదటి వారంతో ముగుస్తాయి. సుగ్గికి బయల్దేరే ముందు, వాళ్ల ముందే మీ లెక్క వినిపించడానికి ఇంకా నెలన్నర ఉంటుంది.