రెండు ఫైళ్లలో రెండు వయసులు ఉంటే ఏది నమ్మాలి?

ప్రశ్న: మాది గుంటూరు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5లోని ఇంటి సభ్యుల ఫైల్‌నీ, మహిళల ఫైల్‌నీ కలిపాను. కొందరి వయసు రెండింటిలో వేర్వేరుగా ఉంది, కొందరికి అసలు జతే దొరకలేదు. తేడా వచ్చినవన్నీ తీసేయనా? నాన్నగారేమో ఈ గొడవంతా వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు.

జవాబు: తీసేయకమ్మా. ఇంటి సభ్యుల వివరాలు చెప్పేది ఇంట్లో ఎవరో ఒక్కరు. అత్తగారిని అడిగితే కోడలికి 'ముప్పై ఉంటాయి' అంటుంది. తర్వాత కోడల్నే కూర్చోబెట్టి పుట్టిన నెల, సంవత్సరం అడిగితే 28 అని తేలుతుంది. నీ ప్రాజెక్టు మహిళల మీదైతే ఆమె స్వయంగా చెప్పిందే తీసుకో. రెండోదాన్ని చెరపకుండా పక్క కాలమ్‌లో ఉంచు.

ఇక జత దొరకనివాళ్లు. మహిళల ఫైల్‌లోకి వచ్చేది 15–49 ఏళ్ల మధ్య ఉండి, ఇంటర్వ్యూ పూర్తయినవాళ్లే. కాబట్టి పిల్లలు, ముసలివాళ్లు, ఎన్నిసార్లు వెళ్లినా దొరకనివాళ్లు మిగిలిపోవడం తప్పు కాదు. మహిళల ఫైల్‌లో ఉన్న మనిషి ఇంటి ఫైల్‌లో కనిపించకపోతే మాత్రం ముందు నీ కోడ్‌నే అనుమానించు. క్లస్టర్ (సర్వేకు ఎంచుకున్న ఊరు లేదా పేట) నంబరు, ఇంటి నంబరు, లైన్ నంబరు (ఆ ఇంటి జాబితాలో మనిషి వరుస సంఖ్య) మూడూ కలిస్తేనే ఒక మనిషి. లైన్ నంబరు మర్చిపోతే అత్తగారి బీపీ కోడలికి అంటుకుంటుంది!

ఇంకో చిక్కుంది. ముందు రోజు రాత్రి ఆ ఇంట్లో పడుకున్న చుట్టాలు కూడా సర్వేలోకి వస్తారు. కాపురం విజయవాడలో, పురుటికి వచ్చింది తెనాలిలోని పుట్టింటికి అనుకో. ఆమెకు అంటుకునే సంపద సూచీ (ఇంట్లోని వస్తువులు, వసతులను బట్టి ఇచ్చే స్కోరు) అమ్మగారింటిది. మామూలుగా ఇక్కడే ఉంటుందా, నిన్న రాత్రి ఇక్కడ పడుకుందా అనే రెండు కాలమ్‌లూ ఇంటి సభ్యుల ఫైల్‌లో ఉంటాయి, చూసుకో. అలాగే, సర్వేలోని గుంటూరు 2022 విభజనకు ముందున్న జిల్లా. పల్నాడు కూడా అందులోనే ఉంది. ఇప్పటి జిల్లా లెక్కల పక్కన పెట్టి పోల్చకు. వెయిట్ (లెక్కలో ఒక్కో మనిషికి ఇచ్చే బరువు) మహిళల ఫైల్‌లోదే వాడు. అది దశాంశం లేకుండా రాసి ఉంటుంది, 10 లక్షలతో భాగించడం మర్చిపోవద్దు.

నాన్నగారి మాటలోనూ కొంత నిజముంది. ఆర్ గానీ పైథాన్ గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష రాకుండా ఈ రంగంలో నెగ్గుకురాలేవు. కానీ దానికోసం స్టాటిస్టిక్స్ వదులుకోనక్కర్లేదు. ఈ సర్వే నడిపే ముంబయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థలో బయోస్టాటిస్టిక్స్, డెమోగ్రఫీ కోర్సులున్నాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష నీ డిగ్రీకి సరిపోతుంది. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ డేటా చూసే కంపెనీల్లో రోజూ జరిగేది ఇలాంటి పనే.

ముందు ఈ వారం ఒక పేజీ రాయి: ఎన్ని రికార్డులు కలిశాయి, ఎన్ని కలవలేదు, ఎందుకు, నువ్వేం చేశావు. ప్రాజెక్టు రిపోర్టులో దాన్ని చివర అనుబంధంలో దాచకు, ముందు పెట్టు. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ పేజీ ప్రింట్ తీసుకెళ్లు. ఫ్రెషర్లలో అది చూపించేవాళ్లు నాకు అరుదుగానే తగిలారు.