పందుల ఫారంలో ఎవరికి ఏ శిక్షణ?

ప్రశ్న: మాది వంద తల్లి పందులున్న ఫారం, ఆరుగురు పనివాళ్లున్నారు. పుట్టిన పిల్లల్లో చాలా వరకు పాలు మాన్పించేలోపే పోతున్నాయి. ఇద్దరిని శిక్షణకు పంపాను, సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు, షెడ్డులో మాత్రం ఏమీ మారలేదు. ఇంకా ఎవరికి ఏం నేర్పించాలో తెలియక టెన్షన్‌గా ఉంది. - ఒక రైతు

జవాబు: పోయిన పిల్లలు పుట్టిన ఎన్నో రోజున పోయాయో, ఎందుకు పోయాయో ఎక్కడైనా రాసిపెట్టారా? మీ ఉత్తరంలో ‘చాలా వరకు’ అని ఉంది గానీ లెక్క లేదు. లెక్క లేకుండా ఇప్పించే శిక్షణ చీకట్లో రాయి విసరడమే. ఈనిన తేదీ, బతికి పుట్టినవెన్ని, చచ్చి పుట్టినవెన్ని, తర్వాత పోయినవి ఏ రోజున, ఏ కారణంతో, ఇంతే, ఒక మామూలు రిజిస్టరులో రెండు నెలలు రాయించండి. ఎవరికి ఏం నేర్పాలో అదే చెబుతుంది.

చాలా ఫారాల్లో పిల్లల చావులు ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే ఉంటాయి. అప్పుడే పుట్టిన పిల్లకి 32 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం కావాలి, తల్లికేమో 20 డిగ్రీల లోపే సుఖం. అందుకే పిల్లలకి విడిగా వెచ్చని మూల ఉండాలి. అది లేకపోతే పిల్ల చలికి తల్లి ఒంటికి అంటుకుని పడుకుంటుంది, పాలు తాగే ఓపిక ఉండదు, తల్లి పక్కకి తిరిగినప్పుడు తప్పుకోలేక నలిగిపోతుంది. మీరు రిజిస్టరులో ‘తల్లి కింద పడి’ అని రాస్తారు, అసలు కారణం చలీ ఆకలీ. పంది పిల్ల రోగాన్ని తట్టుకునే శక్తి తల్లి కడుపులోంచి తెచ్చుకోదు, ముర్రుపాలతోనే వస్తుంది, అదీ మొదటి కొన్ని గంటల్లోనే బాగా ఒంటబడుతుంది. కాబట్టి ఈనే చోట ఉండే మనిషికి పిల్లని తుడవడం, వెచ్చని చోట పెట్టడం, నీరసంగా ఉన్నదాన్ని చన్నుకి పట్టించడం చేతులతో చేయించి నేర్పాలి. హాల్లో కూర్చోబెట్టి బొమ్మలు చూపిస్తే రాదు.

ఇక అసలు మాటకొస్తాను, కొంచెం కష్టంగా ఉన్నా వినండి. ఆ ఇద్దరూ శిక్షణ నుంచి వచ్చాక ఏం మార్చాలని అడిగారు? హీట్ లైట్లు కావాలన్నారా, రాత్రి ఈనేటప్పుడు ఒకరు అక్కడే ఉండాలన్నారా? మీరు ఒప్పుకున్నారా? వాళ్లు నేర్చుకున్నది షెడ్డులో చేయడానికి వీలు లేకపోతే అది తెలియనట్టే లెక్క. రాత్రి డ్యూటీ ఎవరికి వేయాలి, ఏ పనికి ఎవరు జవాబుదారీ, రిజిస్టరు చూసి ఎవరితో ఎలా మాట్లాడాలి, ఇవి యజమాని నేర్చుకోవాల్సినవి. చాలామంది రైతులు పంది గురించి అంతా తెలుసుకుంటారు, మనుషులతో పని చేయించడం మాత్రం దానంతట అదే వస్తుందనుకుంటారు. రాదండీ. మొదటి శిక్షణ మీకే కావాలి. వారానికి ఒకసారి అరగంట ఆరుగురితో కూర్చుని, తిట్టకుండా, రిజిస్టరు ముందు పెట్టుకుని మాట్లాడటంతో మొదలుపెట్టండి.

ఎద గుర్తుపట్టడం తర్వాతి పని. పంది 21 రోజులకోసారి ఎదకొస్తుంది, ఒక్కసారి గమనించకపోతే మళ్లీ మూడు వారాలు ఊరికే దాణా పెట్టాల్సిందే, మొత్తం ఖర్చులో సగానికి పైగా దాణాకే పోయే వృత్తిలో అది చిన్న నష్టం కాదు. వీపు మీద నొక్కితే కదలకుండా నిలబడటం నమ్మదగిన గుర్తు. ఇది ఇద్దరికి నేర్పండి, ఒకరికే కాదు. తెలిసిన ఒక్కడూ మానేస్తే పనితనం కూడా అతనితోనే వెళ్లిపోతుంది.

రోగాలు లోపలికి రాకుండా చూసుకోవడం మాత్రం అందరికీ, దాణా బండి డ్రైవరుకి కూడా. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కి చికిత్స లేదు, అది మనుషులకి సోకదు గానీ బూట్ల మీద, బండి చక్రాల మీద, మిగిలిపోయిన మాంసం ముక్కల్లో వచ్చేస్తుంది. బూట్లు ఎందుకు మార్చాలో అర్థమైనవాడు మీరు చూడనప్పుడు కూడా మారుస్తాడు.

ప్రశ్న: పందుల షెడ్డులో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. పేడ ఊడ్చడం, దాణా వేయడం తప్ప ఏమీ నేర్పలేదు. అడిగితే ‘నీకెందుకు’ అంటారు. పెద్దగా చదువుకోలేదు. - ఒక పనివాడు

జవాబు: చదువు అడ్డు కాదు తమ్ముడూ. దాణా తినని పందిని మిగతావాళ్లకంటే ముందు చూసేది నువ్వే, ఆ చూపుకి విలువ ఉంది. ‘నాకు శిక్షణ కావాలి’ అనకుండా ఒక పని పేరు చెప్పి అడుగు: ‘డాక్టరుగారు సూది వేసేటప్పుడు పక్కన ఉంటాను, ఎక్కడ వేయాలో, ఎంత వేయాలో చూపించమనండి’ అని. మందు వేసిన పందికి గుర్తు పెట్టడం, ఎన్ని రోజుల దాకా మాంసానికి పంపకూడదో అడిగి తెలుసుకోవడం కూడా అందులో భాగమే.

ఒకటి మాత్రం ఈ రోజే తెలుసుకో, ఎవరూ నేర్పకపోయినా. పేడనీళ్ల గుంటని కలిపినప్పుడు విషవాయువు లేస్తుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ఆ వాసన కూడా తెలియదు, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. కాపాడబోయి దిగిన రెండోవాడూ పోతాడు. గుంటలోకి దిగమని ఎవరు చెప్పినా దిగకు, లోపల ఎవరైనా పడినా గాలి సిలిండర్‌తో వచ్చే సహాయక సిబ్బందిని పిలిపించు.