ట్రైలర్లు కట్ చేస్తానంటున్నాడు, ఏం చదివించాలి?

ప్రశ్న: మాది నెల్లూరు, ఇరవై ఏళ్లుగా వడపళనిలో ఉంటున్నాం. మా అబ్బాయి ప్లస్ టూ పరీక్షలు రాశాడు. రాత్రుళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాత సినిమాల సీన్లు ముక్కలు చేసి, వాటికి కొత్త ట్రైలర్లు తయారుచేస్తుంటాడు. అదే ఉద్యోగంగా చేస్తానంటున్నాడు. ఆరు నెలల ట్రైలర్ ఎడిటింగ్ కోర్సుకి ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్షన్నర అడుగుతున్నారు. మావారేమో బీకాంలో చేరమంటున్నారు. రెండు నిమిషాల వీడియో కోసం ఒక మనిషిని పెట్టుకుంటారా సార్?
– ఒక తల్లి, చెన్నై

జవాబు: పెట్టుకుంటారమ్మా. అయితే ఆ లక్షన్నర మాత్రం ఇప్పుడే కట్టకండి. ఎందుకో చెప్పే ముందు ఆ పనేమిటో కాస్త వివరంగా చెప్తాను. మీవారికి కూడా చదివి వినిపించండి.

సినిమాను కుదిస్తే ట్రైలర్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. వరసగా కుదిస్తే వచ్చేది కథాసారాంశం, దాన్ని చూసి ఎవరూ టికెట్ కొనరు. పైగా ఎడిటర్ చేతికి చాలాసార్లు పూర్తయిన సినిమా రాదు. గ్రాఫిక్స్ సగంలో ఉంటాయి, కొన్ని సీన్లు ఇంకా పైలట్ ట్రాక్‌తోనే (డబ్బింగ్‌కి ముందు, షూటింగ్‌లో రికార్డైన మాటలతోనే) నడుస్తుంటాయి, ఆర్‌ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) మొదలై ఉండదు. ఆ రఫ్ కట్ (ఇంకా నగిషీ పట్టని తొలి ఎడిటింగ్) అంతా చూసి, సీన్ నుంచి విడదీసినా నిలబడే డైలాగులు ఏరుకోవాలి. చాలామంది ముందు మాటల్నే పేర్చుకుంటారు, తర్వాత సంగీతం, ఆ పైన బొమ్మ. ఒక సీన్‌లో అడిగిన ప్రశ్నకి ఇంకో సీన్‌లోని హీరో చూపు తెచ్చి పక్కన పెడితే, సినిమాలో లేని మూడో అర్థం పుడుతుంది. మీవాడు రాత్రుళ్లు ఆడుకుంటున్నది దీనితోనే. టైటిల్ పడే ముందు ఎంతసేపు నిశ్శబ్దం, టైటిల్ తర్వాత ఒక చివరి పంచ్ వేయాలా వద్దా అన్న చోట వాడి అసలు తెలివి బయటపడుతుంది.

ఒక సినిమాకి ఒక్క ట్రైలరే అనుకోకండి. ముందు గ్లింప్స్, తర్వాత టీజర్, రిలీజ్ దగ్గర పడ్డాక ట్రైలర్, ఆపైన టీవీకి 30, 20, 10 సెకన్ల ముక్కలు, ఫోన్ కోసం నిలువు కట్‌లు. థియేటర్లో ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుని ఉంటాడు, తప్పించుకోలేడు. ఫోన్‌లో బొటనవేలు ఆగదు. అందుకే ఇప్పుడు చాలా ట్రైలర్ల మొదట్లో ఐదారు సెకన్ల పాటు అన్నీ మెరుపుల్లా చూపించి, ఆ తర్వాత అసలు ట్రైలర్ మొదలుపెడుతున్నారు. నాకు ఆ పద్ధతి పెద్దగా నచ్చదు, కానీ మార్కెట్ అడుగుతోంది. థియేటర్లో వేసే ట్రైలర్‌కి సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఆ ప్రాంతీయ కార్యాలయం చెన్నైలోనూ ఉంది. థియేటర్ కాపీకి సౌండ్ మిక్సింగ్ వేరు, యూట్యూబ్ కాపీకి వేరు. ఇవన్నీ దగ్గరుండి చూసుకునేది అసిస్టెంట్ ఎడిటరే. విడుదల కాని సినిమా ఉన్న హార్డ్ డిస్క్ కూడా ఆ కుర్రాడి బాధ్యతలోనే ఉంటుంది. ఒక్క షాట్ లీకైనా ముందు వాడినే అడుగుతారు.

దర్శకుడు, నిర్మాత, హీరో తరఫువాళ్లు, సంగీత దర్శకుడు, అందరూ మార్పులు చెబుతారు. 'ఫైనల్' అని పేరు పెట్టిన ఫైలు తర్వాత ఇంకో నాలుగు ఫైనల్స్ తయారవుతాయి. ఎవరైనా ఒక మాట అంటే మొహం ముడుచుకునే పిల్లవాడైతే ఈ పని కష్టం. ఆ సంగతి మీకే బాగా తెలుస్తుంది.

ఇంకో విషయం వాడికి ఇప్పుడే తెలియాలి. 2016లో వచ్చిన హిందీ సినిమా 'ఫ్యాన్' ప్రచారంలో చూపించిన పాట సినిమాలో లేదని ఒక ప్రేక్షకురాలు వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. రాష్ట్ర వినియోగదారుల కమిషన్ ఆమెకు పరిహారం ఇప్పించింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ట్రైలర్ అనేది ప్రచారం మాత్రమే, ప్రేక్షకుడితో చేసుకున్న ఒప్పందం కాదని చెప్పింది. చట్టం అంత స్వేచ్ఛ ఇచ్చినా, ఏడుపు సినిమాని కామెడీగా అమ్మితే మార్నింగ్ షో నుంచి బయటికొచ్చినవాళ్లు ఊరుకోరు. మ్యాట్నీకల్లా టాక్ పాకిపోతుంది. సినిమా ఎలాంటిదో సరిగ్గా చెప్తూనే ఆసక్తి రేపగలవాడికి రెండో సినిమా వస్తుంది.

చెన్నైలో పెరగడం మీవాడికి కలిసొచ్చే విషయం. ఇప్పుడు ఒకే సినిమా తమిళంలో, తెలుగులో ఒకేసారి వస్తోంది. డబ్బింగ్ చెప్పించినంత మాత్రాన తమిళ ట్రైలర్ తెలుగు ట్రైలర్ అయిపోదు. తమిళంలో క్లోజప్‌కి సరిపోయిన డైలాగు తెలుగులో పొడవైపోయి పెదాలకి కుదరదు. అప్పుడు షాట్ మార్చాలి, లేదా మాటను వెనుక నుంచి వినిపించాలి. రెండు భాషలూ చెవికి పట్టినవాడికే అది తోస్తుంది. కాకపోతే ఇక్కడి మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. మీవాడూ అంతే అయితే ఈ సెలవుల్లో అక్షరాలు దిద్దించండి. టైటిల్ కార్డులో ఒత్తు తప్పు పడితే మర్నాడు మీమ్స్ వాళ్లదే.

ఇక చదువు. నేర్చుకోవాల్సింది ఎడిటింగ్, ట్రైలర్ అందులో ఒక శాఖ. తరమణిలోని ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్‌లో నాలుగేళ్ల డిగ్రీ ఉంది. ప్రభుత్వ సంస్థ కాబట్టి ఫీజు తక్కువ, సీట్లూ తక్కువే. నా మొదటి ఓటు దానికే. అక్కడ రాకపోతే లయోలా లాంటి చోట విజువల్ కమ్యూనికేషన్. మీవారి బీకాం మాటను కూడా కొట్టిపారేయకండి. కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లైన పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లలో ఎడిటింగ్ కోర్సుకి ఎలాగూ డిగ్రీ కావాలి, అది బీకాం అయినా సరే. ఎన్నో జాతీయ అవార్డులందుకున్న ఎడిటర్ శ్రీకర్ ప్రసాద్ మద్రాసు యూనివర్సిటీలో సాహిత్యం చదివి, ఆ తర్వాత ఎడిటర్ అయిన తండ్రి దగ్గర పని నేర్చుకున్నారు.

జీతం సంగతి దాచను. సినిమాల్లో అసిస్టెంట్‌గా మొదటి కొన్నేళ్లు రాబడి నిలకడగా ఉండదు. నెలజీతం కావాలంటే టీవీ చానళ్ల ప్రోమో విభాగాలున్నాయి. రోజూ సీరియల్‌కి అరనిమిషం ప్రోమో కట్ చేయడం కంటే మంచి సాధన నాకు తెలియదు. సినిమావాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు, పట్టించుకోకండి.

ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. ఒకే సినిమాకి రెండు ట్రైలర్లు కట్ చేయమనండి, ఒకటి ప్రేమకథలా, ఒకటి థ్రిల్లర్‌లా. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. ఆ సినిమా చూడని నలుగురికి చూపించి, కథ ఏమై ఉంటుందో అడగమనండి. యూట్యూబ్‌లో మాత్రం పెట్టనివ్వకండి, కాపీరైట్ స్ట్రైక్ పడొచ్చు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌కి మళ్లీ వెళ్తే ఒక్క ప్రశ్న అడగండి: విద్యార్థుల చేతికి నిజమైన షూటింగ్ ఫుటేజ్, సౌండ్ ట్రాక్‌లతో సహా, ఇస్తారా? డౌన్‌లోడ్ చేసిన క్లిప్పులతోనే నేర్పిస్తామంటే, ఆ పని మీవాడు ఇంట్లో ఊరికే చేస్తూనే ఉన్నాడు.