24 అంగుళాల మానిటర్ కంటే 27 అంగుళాలది ఎక్కువ స్పష్టంగా ఉంటుందా?

రెండూ ఫుల్ హెచ్‌డీ అయితే ఉండదు, దగ్గర నుంచి చూసినప్పుడు 27 అంగుళాల తెరే కాస్త మోటుగా కనిపిస్తుంది.

ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు (తెర మీద బొమ్మను ఏర్పరిచే చిన్న చుక్కలు). మొత్తం 20 లక్షల పైచిలుకు. తెర పెద్దదైనా ఈ లెక్క మారదు, ఒక్కో పిక్సెల్ సైజే పెరుగుతుంది. ముగ్గు చుక్కల మధ్య ఎడం పెంచితే ముగ్గు పెద్దదవుతుంది గానీ అందులో కొత్త గీతలేమీ చేరవు కదా.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో కొనేటప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టించి ఒక తెలుగు పేజీ తెరిపించండి. ఒత్తుల దగ్గర, గుడిదీర్ఘాల దగ్గర తేడా ముందుగా బయటపడుతుంది (ఇంగ్లిష్ అక్షరాల్లో అంతగా తెలియదు). 24 అంగుళాల తెరలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు, 27లో 82. పెద్దదే కావాలంటే 2560×1440 తీసుకోండి, అందులో 109 దాకా వస్తాయి.

చాలామంది అంగుళాలనే రిజల్యూషన్ (అంటే అడ్డంగా, నిలువుగా ఉండే పిక్సెళ్ల లెక్క) అనుకుంటారు. అంగుళాలు తెర మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న కొలత మాత్రమే. సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ తగ్గిస్తే అక్షరాలు పెద్దవవుతాయి నిజమే, కానీ అలుక్కుపోతాయి. అక్షరాలు పెద్దవి కావాలంటే స్కేలింగ్ వాడాలి, అంటే రిజల్యూషన్ మార్చకుండా అక్షరాలను, బొమ్మలను పెద్దవి చేసే సెట్టింగ్.