ఎండోమెట్రియోసిస్‌తో చదువుకుంటూ మనసు కుంగిపోకుండా ఉండటం ఎలా?

ఎండోమెట్రియోసిస్ నొప్పి మీ ఊహ కాదు, ఓర్చుకోలేనితనమూ కాదు. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం బయట, అండాశయాల మీదో పేగుల దగ్గరో పెరగడంతో వాపు, నొప్పి, విపరీతమైన నీరసం వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంది.

పాజిటివ్‌గా ఉండటమంటే నొప్పి దాచుకుని నవ్వడం అని నేననుకోను. చెడ్డ రోజులు వస్తాయని ఒప్పుకుని, టైమ్‌టేబుల్‌లో వాటికి ముందే చోటు ఉంచితేనే టెన్షన్ తగ్గుతుంది. నెలసరి తేదీలు, నొప్పి, నీరసం నోట్‌బుక్‌లో రాయండి (నెలసరి లేనప్పుడు వచ్చే నొప్పి కూడా). కొన్ని నెలలకు మీ శరీరం తీరు కొంత తెలుస్తుంది. కష్టమైన పాఠాలు ఒంట్లో తేలికగా ఉన్న రోజుల్లో చదివి, మిగతా రోజులకు రివిజన్ ఉంచుకోండి. ఆ నోట్‌బుక్ డాక్టర్‌కూ ఎంతో పనికొస్తుంది.

కాలేజీకి పరీక్షల ముందు రోజు కాదు, టర్మ్ మొదట్లోనే డాక్టర్ లెటర్‌తో చెప్పండి. గడువు పెంచమనో, పరీక్ష మధ్యలో విరామం ఇవ్వమనో అడగడానికి సిగ్గుపడొద్దు.

వేడి కాపడం కొంత ఉపశమనమిస్తుంది. ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు నొప్పి ముదరకముందే వేసుకుంటే బాగా పనిచేస్తాయి, కానీ మీకు సరిపడతాయో లేదో ముందు డాక్టర్‌ని అడగండి. వాటితో తగ్గకపోతే హార్మోన్ మందులు, లాపరోస్కోపీ (పొట్టపై చిన్న కోతలతో, కెమెరా సాయంతో చేసే ఆపరేషన్) ఉన్నాయి. "అందరికీ ఉండేదేగా" అని కొట్టిపారేస్తే మరో డాక్టర్‌ని కలవండి. దిగులు వారాల తరబడి వదలకపోతే కౌన్సెలర్‌తో మాట్లాడండి.