లాక్టోన్‌లో పాలున్నాయా?

సందేహం: ఇంటర్ పిల్లల కోసం కెమిస్ట్రీ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. హైడ్రాక్సీ ఆమ్లాల నుంచి వచ్చే లాక్టోన్‌ను ‘క్షీరోన్’ అందామని మా సహోద్యోగి ఒకాయన పట్టుబడుతున్నారు. ‘లాక్’ అంటే పాలే కదా అంటారు. వీటిని చక్రీయ ఎస్టర్లు అనాలా, వలయ ఎస్టర్లు అనాలా? ఎలా అన్నా సంస్కృతానికి ఇంగ్లీషు అతికించిన వైరిసమాసమే కదా?
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: ఆయన మాటలో సగం నిజముంది. లాటిన్‌లో ‘లాక్’ అంటే పాలే. 1780లో షీలే పులిసిన పాల నుంచి లాక్టిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. ఆ ఆమ్లం నుంచి రాబట్టిన పదార్థానికి 1844లో ఫ్రెంచి రసాయనవేత్త పెలూజ్ లాక్టోన్ అని పేరు పెట్టాడు. 1880లో జర్మనీకి చెందిన ఫిట్టిగ్ ఆ పేరును ఈ కుటుంబం మొత్తానికీ వర్తింపజేశాడు. పాలతో చుట్టరికం అక్కడితో తెగిపోయింది.

ఇంతకీ జరిగేదేమిటి? ఒకే అణువులో ఒకచోట ఆమ్ల సమూహం, మరోచోట హైడ్రాక్సిల్ సమూహం ఉంటాయి. అవి రెండూ కలిసి ఒక నీటి అణువును వదిలేస్తే గొలుసు మూసుకుని ఎస్టర్ అవుతుంది. 4-హైడ్రాక్సీబ్యుటనోయిక్ ఆమ్లాన్నే తీసుకోండి. అణుభారం 104; నీటి 18 పోగా మిగిలిన 86 గామా-బ్యుటిరోలాక్టోన్‌ది. నాలుగు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన ఐదు పరమాణువుల వలయమిది. దీన్ని పెద్దగా బతిమాలక్కర్లేదు, కాస్త ఆమ్లం తగిలితే చాలు, మూసుకుంటుంది. హైడ్రాక్సిల్ బీటా స్థానంలో, అంటే ఆమ్ల సమూహం పక్కనుంచి లెక్కిస్తే రెండో కార్బన్ మీద, ఉంటే మాత్రం వేడిచేసినప్పుడు నీరు పోయి, వలయానికి బదులు ద్విబంధం వస్తుంది.

అసలు తమాషా లాక్టిక్ ఆమ్లానిదే. అందులో హైడ్రాక్సిల్ ఆల్ఫా స్థానంలో, అంటే ఆమ్ల సమూహాన్ని ఆనుకున్న కార్బన్ మీదే ఉంది. ఒక్క అణువే మూసుకోవాలంటే మూడు పరమాణువుల ఇరుకు వలయం కావాలి, అది నిలవదు. అందుకని రెండు అణువులు చేతులు కలిపి, రెండు నీటి అణువులు వదిలి, ఆరు పరమాణువుల లాక్టైడ్ అవుతాయి. అంటే పేరిచ్చిన ఆమ్లానికే ఆ పేరుగల సాదా వలయం దక్కలేదు! ఇక క్షీరోన్ అని ఏ మొహంతో అంటాం? విటమిన్ సి లాక్టోనే, నేలవేము చేదుకు కారణమైన ఆండ్రోగ్రఫోలైడ్ కూడా లాక్టోనే. నేలవేములో క్షీరం ఉందంటే పిల్లలు నవ్వరూ? (వెన్న కాచేటప్పుడు వచ్చే కమ్మని వాసనలో డెల్టా లాక్టోన్ల (ఆరు పరమాణువుల వలయం ఉన్నవాటి) వాటా ఉన్న మాట నిజమే. పాలకొవ్వులోని హైడ్రాక్సీ ఆమ్లాలు వేడికి అలా మూసుకుంటాయి. మీ సహోద్యోగికి ఆ మేరకు ఓదార్పు.) లాక్టోన్‌ను లాక్టోన్ అనే రాయండి.

చక్రీయమా, వలయమా? రెండూ తప్పు కాదు. ఆకారం చెప్పడానికి వలయం, తిరిగి తిరిగి జరిగేదానికి చక్రం అని గీత గీస్తే బాగుండేది. కానీ జలచక్రం అనే మనమే నత్రజని వలయం అనీ, క్రెబ్స్ వలయం అనీ రాసుకుంటున్నాం. చక్రీయ చతుర్భుజంలోనేమో ఏదీ తిరగదు. నేనైతే విశేషణానికి చక్రీయ, నామవాచకానికి వలయం వాడతాను. చక్రీయ అంటే అచక్రీయ అనే వ్యతిరేకపదం సిద్ధంగా దొరుకుతుంది, వలయానికి ఆ సౌకర్యం లేదు. కనుక ‘ఐదు పరమాణువుల వలయం ఉన్న చక్రీయ ఎస్టర్’ అని నిశ్చింతగా రాయండి.

వైరిసమాసం గురించి టెన్షన్ వద్దు. ప్రత్యేక రైలు, విద్యుత్ మీటరు అంటూనే ఉన్నాం, ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. సంధి మాత్రం చేయకండి. ‘చక్రీయైస్టర్’ అని ఒకచోట చూసి ఉలిక్కిపడ్డాను. ఎస్టర్‌లోని హ్రస్వ ఎకారం సంస్కృతంలో లేనే లేదు, వృద్ధిసంధికి అక్కడ పనేమిటి? బహువచనం లాక్టోన్లు. ఫోన్లు, లోన్లు అంటున్నాం కదా, ‘లాక్టోనులు’ అని సాగదీయనక్కర్లేదు.