గ్యాస్కెట్ రెండుసార్లు మార్చినా పాత పికప్ హీటెక్కుతోందంటే...

మీ బండి గురించి అడిగారు కదా: తేడా హెడ్ గ్యాస్కెట్‌లో (ఇంజిన్ బ్లాక్‌కూ, దానిపై మూతలా కూర్చునే హెడ్‌కూ నడుమ ఉండే పలుచని రేకు) కాదు, అది కూర్చునే చోట ఉంది. మిర్చి లోడుతో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయి అన్నారు. సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి చేరుతోందన్నమాట.

1. హెడ్ ఫేసింగ్ (అడుగు చదును) చేయించానన్నారు, మరి బ్లాక్ పైభాగం చూశారా? పాత గ్యాస్కెట్ మడ్డి తీసి, స్ట్రెయిట్ ఎడ్జ్‌ను (వంకర లేని ఇనుప స్కేలు) నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టండి. కింద 0.1 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూరితే లేత్ షాపుకు పంపాల్సిందే.

2. హెడ్‌కు పగుళ్లున్నాయేమో ప్రెషర్ టెస్ట్ చేయించండి.

3. అందరూ మరిచేది ఇదే: బ్లాక్‌లోని బోల్టు రంధ్రాలు. హెడ్ లేపగానే నీళ్లు, ఆయిల్ వాటిలోకి జారతాయి. అడుగు మూసుకున్న రంధ్రంలో అవి నిలిస్తే బోల్టు పూర్తిగా దిగదు, టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) మాత్రం టక్కుమంటుంది. బిగిసిందనుకుంటాం. నా బండికీ ఇదే అయింది. సన్న కడ్డీకి గుడ్డ చుట్టి దింపితే నల్లటి ఆయిల్‌తో తడిసి వచ్చింది. అలాగే తుడిచి, కంప్రెసర్ గాలి కొట్టండి. అన్నా, కళ్లద్దాలు తప్పనిసరి, ఆయిల్ కళ్లలోకే చిమ్ముతుంది.

4. బోల్టులు నడుమ నుంచి అంచులకు, మాన్యువల్‌లో ఉన్న విడతల ప్రకారమే బిగించండి. సాగినవి మళ్లీ వాడొద్దు.

5. బోరు నీళ్లు వద్దు, కూలెంట్ పోసి దాని దారిలో చిక్కిన గాలి పూర్తిగా తీయండి.

అమ్మేసి కొత్తది కొనాలా అన్నారు. ఛాసిస్‌ను తుప్పు తినకపోతే అస్సలు వద్దు. ముందు మూడో పని చేయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి.